మంచం కంటే ముందు కాటా

అమ్మడూ,

నువ్వు పంపిన వ్యాను ఫోటోలు, ప్లాను రెండూ చూశాం. అమ్మకి కర్టెన్ల రంగు తెగ నచ్చింది. నేను మాత్రం చివరి లైను దగ్గర ఆగిపోయాను: "వెనకాల పడవ ట్రెయిలర్ కూడా తగిలించుకుంటా." అంత పెద్ద విషయాన్ని ఆఖర్న ఒక్క ముక్కలో తేల్చేశావు. లోడు బళ్ళతో బతికినవాణ్ణి కదా, ఆ ముక్క దాటి ముందుకు పోలేకపోయాను. ఈ ఉత్తరం దాని గురించే.

వ్యానులో మంచం, వంటగట్టు, నీళ్ళ ట్యాంకు పెట్టుకుని తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. వ్యానుతో పడవ లాగించేవాళ్ళూ ఉన్నారు. రెండూ ఒకే బండి చేత చేయించాలనుకుంటే మాత్రం రెండు ఖర్చులూ ఒకే జేబులోంచి పోతాయి. ఇక్కడ ఖర్చంటే డబ్బు కాదు, బరువు. ఆ జేబులో ఎంతుందో ముందు చూసుకోవాలి.

డ్రైవర్ తలుపు తెరిచి పక్క స్తంభం మీద గానీ, బానెట్ కింద గానీ వెతుకు. ఒక రేకో స్టిక్కరో ఉంటుంది. బండి మొత్తం లోడుతో ఎంత బరువు దాటకూడదు, బండీ ట్రెయిలరూ కలిపి ఎంత దాటకూడదు, ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అనే నాలుగు అంకెలు నీకు కావాలి. కొన్ని బళ్ళకి రెండో అంకె రేకు మీద ఉండదు, మాన్యువల్‌లో చూడాలి. అమ్మినవాడు "రెండు టన్నులు లాగుతుంది" అన్నాడని రాశావు. అతను అబద్ధం చెప్పి ఉండడు. ఖాళీ బండి లాగుతుంది. నీది ఖాళీ బండి కాదు.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఖాళీ వ్యాను 2,200 కిలోలు, లోడుతో 3,000 దాటకూడదు, ట్రెయిలర్‌తో కలిపి 4,500 దాటకూడదు. అంటే నీ చేతిలో ఉన్నది 800 కిలోలు. మీ ఇద్దరూ మీ బట్టల సంచులతో కలిపి 150. నీళ్ళు లీటరుకి కిలో, కాబట్టి 100 లీటర్ల ట్యాంకు నింపితే 100 కిలోలు. ట్రెయిలర్ ముక్కు హిచ్ మీద, అంటే వ్యాను వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కెం మీద, మోపే బరువు ఇంకో 100. ఈ ఆఖరి దాన్ని అందరూ మర్చిపోతారు. ట్రెయిలర్ చక్రాల మీద వెనకాల వస్తుంది కదా అనుకుంటారు, కానీ ముక్కు బరువు మోసేది వ్యానే, అది వ్యాను లోడులోనే లెక్క. ఇక ఇంటికి మిగిలింది 450. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ షీటు ఒక్కటే 30 కిలోల పైన తూగుతుంది. నీ ప్లానులో అలాంటివి పది దాకా లెక్కపెట్టాను. పరుపు, బ్యాటరీ, ఫ్రిజ్, స్టవ్ ఇంకా మొదలే పెట్టలేదు. వ్యాను నిండా 3,000 అయ్యాక ట్రెయిలర్‌కి మిగిలేది 1,500 మాత్రమే, బ్రోషర్లో రెండు టన్నులున్నా సరే.

మొత్తం బరువు సరిపోయినా ఇంకో మెలిక ఉంది. హిచ్ వెనక ఇరుసుకి సరిగ్గా పైన ఉండదు, ఇంకా వెనక్కి వేలాడుతూ ఉంటుంది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 3.5 మీటర్లు, వెనక ఇరుసు నుంచి హిచ్ చివర ట్రెయిలర్ కూర్చునే ఇనుప బంతికి 1.2 మీటర్లు అనుకో. బంతి మీద 100 కిలోలు పెడితే వెనక ఇరుసు మీద పడేది 134. ఆ అదనపు 34 ముందు చక్రాల మీద నుంచి లేచిపోతుంది. అందుకే స్టీరింగు చేతిలో తేలిగ్గా అనిపిస్తుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో కొడతాయి, తడి రోడ్డు మీద ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది. నువ్వేమో మంచం వెనకాల పెట్టి, దాని కింద నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు, టూల్ పెట్టె అన్నీ ఇరికించావు. అంతా వెళ్ళి వెనక ఇరుసు మీదే కూర్చుంటుంది. ట్యాంకునీ బ్యాటరీనీ రెండు ఇరుసుల మధ్యకి, నేల దగ్గరికి జరుపు. మంచం వెనకే ఉండనీ, పరుపు బరువేం కాదు.

బండి వెనక భాగం కిందికి కూర్చుండిపోతే సస్పెన్షన్‌కి గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయిస్తే సరి అని ఎవరో ఒకరు చెప్తారు. వేస్తే బండి లేచి నిలబడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు పాతవే. రేకు మీద అంకె మారదు. కమాను కట్టలు అదనంగా వేసినా ఇదే మాట.

సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి తుప్పు సంగతి. హిచ్ బోల్టులు పట్టేది వెనక ఛాసిస్ (బండి అడుగు చట్రం) పట్టీలకి, రోడ్డు మీది బురదా నీళ్ళూ చిమ్మేదీ సరిగ్గా అక్కడే. ఒక అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచు వెంబడి, చక్రాల గూళ్ళ చుట్టూ మెల్లగా జరుపు. అతుక్కుంటూ అతుక్కుంటూ వచ్చి ఒక్కసారి జారిపోయిందంటే అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది, పైన కొత్త పెయింటు ఉంది. తర్వాత బండి కింద దూరి స్క్రూడ్రైవర్ పిడితో ఛాసిస్ మీద కొట్టు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. తలుపు దగ్గర తుప్పుంటే కోసి కొత్త రేకు వేయించుకోవచ్చు. ఛాసిస్ పట్టీ తినేసి ఉంటే ఈ బండికి పడవ కట్టే ఆలోచనే మానెయ్. ఇంజిను మీ మెకానిక్ చూస్తాడు. ఆటోమేటిక్ గేరుబాక్సు అయితే ఆయిల్ రంగు, వాసన చూడమను. నల్లబడి మాడు వాసన వస్తుంటే పాత ఓనరు బరువులు లాగించాడన్నమాటే.

కరెంటు పని నువ్వే చేస్తానన్నావు, సంతోషం. ఒకటి మాత్రం చెప్తాను, ఎందుకంటే దీని దగ్గర బాగా చదువుకున్నవాళ్ళు కూడా బోల్తా పడటం చూశాను. 12 వోల్టుల్లో వైరు సన్నగా ఉంటే వోల్టేజీ దారిలోనే పోతుంది. బ్యాటరీకి ఐదు మీటర్ల దూరంలో 10 ఆంపియర్లు లాగే వస్తువు ఉందనుకో, పోనూ రానూ పది మీటర్ల వైరు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే 0.7 వోల్టులు దాకా మింగేస్తుంది. 6 వేస్తే 0.3 లోపే. ఇంట్లో కరెంటుకి 0.7 ఒక లెక్కా? ఇక్కడ లెక్కే. వ్యాన్లలో వాడే ఫ్రిజ్‌కి వోల్టేజీ తగ్గితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. బ్యాటరీ సగం నిండుగా ఉన్నా ఫ్రిజ్ ఆగుతుంది, నువ్వేమో బ్యాటరీని తిట్టుకుంటావు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, వస్తువు దగ్గర కాదు. లిథియం బ్యాటరీ పెడితే ఆల్టర్నేటర్ (ఇంజినుతో తిరిగి కరెంటు పుట్టించేది) నుంచి నేరుగా కట్టకు, మధ్యలో చార్జింగు కరెంటుని హద్దులో ఉంచే డీసీ టు డీసీ చార్జర్ పెట్టు. లేకపోతే అది ఆపకుండా లాగి ఆల్టర్నేటర్‌ని వేడెక్కించేస్తుంది.

గ్యాస్ విషయంలో నీతో బేరం లేదు. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది, కాబట్టి సిలిండర్ అరలో కింద బయటికి రంధ్రం ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, అలారం లేకుండా లోపల ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు. చలికి స్టవ్ వెలిగించుకుని కూర్చోవద్దు. ప్రయాణంలో ఎవరూ మంచం మీద ఉండకూడదు, కంపెనీ బెల్టు ఉన్న సీట్లలోనే.

పడవ గురించి. ట్రెయిలర్ బరువులో సుమారు పదో వంతు ముక్కు మీద ఉండాలి, అదీ హిచ్ మీద రాసిన హద్దు దాటకుండా. ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద చెక్క దిమ్మె పెట్టి, ట్రెయిలర్ మట్టంగా ఉండేలా ముక్కుని దాని మీద ఆనిస్తే చాలు, తెలిసిపోతుంది. వెనక బరువెక్కువై ముక్కు తేలిపోతే దారిలో ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. అప్పుడు బ్రేకు మీద ఎక్కి తొక్కకు, స్టీరింగుతో సరిచేయాలని చూడకు. యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగు తిన్నగా పట్టుకో. ట్రెయిలర్ బ్రేకులు విడిగా వేసే మీట ఉంటే అవి మాత్రం మెల్లగా వెయ్యి. రేవు దగ్గరికి చేరగానే పడవని నీళ్ళలోకి దింపేయకు. చక్రాల హబ్బులు వేడి మీద ఉంటాయి, చల్లటి నీళ్ళు తగలగానే లోపలి గాలి ముడుచుకుని సీలు సందుల్లోంచి నీళ్ళని పీల్చుకుంటుంది, బేరింగులు పోతాయి. చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆగు.

లైసెన్సు, రిజిస్ట్రేషన్ మార్పు, ఇన్సూరెన్సు ముందే కనుక్కో. ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పకుండా లోపల కట్టేస్తే రేపు క్లెయిము దగ్గర కొర్రీ వేస్తారు.

ఇంకో ఆలోచన ఉంది. 1951లో జర్మనీలోని వెస్ట్‌ఫాలియా కంపెనీ వాళ్ళు వోక్స్‌వ్యాగన్ వ్యాను కోసం చేసిన మొదటి క్యాంపింగ్ బాక్స్‌ని, అంటే వ్యానులో పెట్టుకునే ఇంటి సామాన్ల పెట్టెని, ఊడదీసి పక్కన పెట్టేయొచ్చు. వారమంతా సరుకు బండి, సెలవులకి ఇల్లు. నువ్వూ వంటగట్టునీ అరల్నీ విడి పెట్టెలుగా చేసి నేలకి బోల్టులతో బిగించుకో, రేకు అడుగున గట్టి ప్లేట్లు పెట్టి. పడవకి మాత్రమే వెళ్ళే రోజున ఇద్దరు కలిసి పెట్టెలు దించేస్తే బోలెడంత బరువు తగ్గుతుంది. 18 బదులు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడి మూలల్లో సన్న చట్రం పెడితే సరిపోతుంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్కటే. ట్యాంకు నిండా డీజిలు పోసి లారీల కాటా దగ్గరికి తీసుకెళ్ళు. ముందు చక్రాలు మాత్రం కాటా మీదికి ఎక్కించి ఒక చీటీ తీసుకో, మొత్తం బండికి ఒకటి, వెనక చక్రాలకి ఒకటి. ఆ మూడు చీటీలూ, తలుపు దగ్గర రేకూ, ఛాసిస్ వెనక భాగమూ ఫోటోలు తీసి పంపు. డ్రిల్ మిషనూ రివెట్ గన్నూ తీసుకుని నేనే వస్తాను. అప్పటిదాకా ప్లైవుడ్ మాత్రం కొనకు.

నాన్న