గ్రంథాలయం గోడచిత్రం: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన వారందరికీ, పరంజా ఎక్కి పనిచేసిన చిత్రకారులకూ కమిటీ తరఫున నమస్కారం. గోడచిత్రం పని పూర్తయింది. ఆఖరి బిల్లు చెల్లించాం, లెక్కలు ఆడిటరు చూసి సంతకం చేశారు. రసీదు నంబర్లతో సహా పద్దు పుస్తకం గ్రంథాలయంలో ఉంది. ఇక్కడ మొత్తాన్ని నూరు పాళ్లు చేసి చెబుతున్నాం. ఎంత చిన్న చందా ఇచ్చినవారైనా తమ డబ్బు ఎటు పోయిందో దీన్నిబట్టి లెక్క కట్టుకోవచ్చు.

జమ: విడివిడిగా వచ్చిన చందాలు 45 పాళ్లు, ప్రభుత్వ గ్రాంటు 42, చిత్తుబొమ్మల ప్రదర్శనలో అమ్మిన ప్రింట్ల మీద చిత్రకారుల వాటా పోగా మిగిలినవి 12, బ్యాంకు వడ్డీ 1. గ్రాంటు రెండో విడత, పని పూర్తయినట్టు ధ్రువపత్రం పంపాకే చేతికందింది. ప్రభుత్వ సొమ్ముతో జరిగే పనుల్లో ఇది మామూలే. కానీ ఆ డబ్బు వచ్చేదాకా చిత్రకారులు అప్పు చేసి రంగులు కొనుక్కోవడం కూడా మామూలైపోయింది. ఇక్కడ ఆ అవస్థ రాలేదంటే అది మీ చందాల వల్లే.

చందాదారుల పేర్లు అక్షరక్రమంలో, మొత్తాలు వేయకుండా గ్రంథాలయం లోపల పెట్టాం. 1885లో లిబర్టీ విగ్రహం పీఠానికి డబ్బు చాలనప్పుడు జోసెఫ్ పులిట్జర్ తన పత్రిక ‘వరల్డ్’లో పిలుపునిచ్చి, ఎంత తక్కువ ఇచ్చినా పేరు అచ్చువేస్తామన్నాడు. లక్షమందికి పైగా ఇచ్చారు, లక్ష డాలర్లు దాటాయి. వారిలో ఎక్కువమంది ఇచ్చింది ఒక డాలరు లోపే. మన జాబితాలోనూ పెద్ద చందా, చిన్న చందా అన్న తేడా వద్దనుకున్నాం.

ఖర్చులో మొదటి పద్దు ప్రధాన చిత్రకారిణి పారితోషికం, 30 పాళ్లు. చాలామంది అడిగింది దీని గురించే కాబట్టి వివరంగా చెబుతాం. ఇలాంటి పనులు చాలాచోట్ల గుత్తకు ఇస్తారు. ఒకే మొత్తం చెప్పి రంగులు, పరంజా, కూలీలు, రవాణా, బీమా అన్నీ అందులోనే చూసుకోమంటారు. అన్నీ పోగా మిగిలిందే చిత్రకారులది. ధరలు పెరిగినా, వానకు పని ఆగినా కోత పడేది ఆ మిగులుకే. మేస్త్రీకి కూలి ముడుతుంది, పరంజా యజమానికి అద్దె ముడుతుంది, బొమ్మను ఊహించి గీసిన మనిషికి మాత్రం ‘పేరొచ్చిందిగా’ అన్న మాట మిగులుతుంది. అది న్యాయం కాదని కమిటీ మొదటి సమావేశంలోనే తీర్మానించింది. అందుకే పారితోషికాన్ని మిగతా ఖర్చుల నుంచి విడదీసి ఒప్పందంలో రాశాం. సంతకం రోజు కొంత, తుది చిత్తుబొమ్మకు కొంత, సగం గోడ అయ్యాక కొంత, పూర్తయ్యాక మిగతాది ఇచ్చాం. ఇద్దరు సహాయకులకు ఇచ్చిన 9 పాళ్లు వేరే.

ప్రజాధనం నుంచి చిత్రకారులకు జీతమివ్వడం కొత్త సంగతేమీ కాదు. ఆర్థిక మాంద్యం రోజుల్లో అమెరికాలో 1935 నుంచి 1943 దాకా నడిచిన ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్ వేలమందికి జీతాలిచ్చి బడులకూ ఆసుపత్రులకూ గోడచిత్రాలు వేయించింది. తర్వాత జగమంతా ఎరిగిన చిత్రకారుడు జాక్సన్ పొల్లాక్ కూడా కొన్నేళ్లు ఆ జీతం మీద గడిపినవాడే.

ఆఖరి వడపోతకు నిలిచిన ముగ్గురికీ చిత్తుబొమ్మలకు సమానంగా ఇచ్చాం, 6 పాళ్లు. ఎంపిక కాని ఇద్దరి శ్రమ కూడా శ్రమే.

అనుకున్నదానికి మించినది గోడ మరమ్మతు. చిత్రకారిణి సుత్తి పిడితో గోడ పొడవునా తట్టుకుంటూ పోయి, డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో చుట్టు గీశారు. కింది భాగంలో అవి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. తుడిచిన తెల్లటి ఉప్పు పిండి చల్లినట్టు మళ్లీ పైకి తేలింది. గోడలోని గొట్టం కారుతోందని అప్పుడు బయటపడింది. దాన్ని బాగుచేయించి, పుచ్చిన గచ్చంతా కొట్టేయించి, సున్నపు గచ్చు వేయించి, అది ఆరేదాకా ఆగాం. 8 పాళ్లు అనుకున్న పద్దు 14 అయింది. పెరిగిన 6 పాళ్లను ప్రారంభ సభ ఖర్చు తగ్గించీ, అత్యవసరాలకని పక్కన పెట్టినదాంట్లోంచీ సర్దాం. పారితోషికం జోలికి పోలేదు.

రంగులకు 13 పాళ్లు. ఇవి సిలికేట్ రంగులు, జర్మనీలో 1878లో కైమ్ పేటెంటు పొందిన పద్ధతి. మామూలు రంగుల్లా పైన పొర కట్టవు. గచ్చుతో కలిసి గట్టిపడతాయి, లోపలి తేమను బయటికి పోనిస్తాయి. ఖరీదు ఎక్కువే, కానీ చెమ్మ చూసిన గోడకు ఇంతకన్నా తగినవి మాకు కనబడలేదు. పరంజా, నడుము తాళ్లు, బీమాకు 11 పాళ్లు. ఆడిట్, అచ్చు ఖర్చులకు 2, ప్రారంభ సభకు 2.

నిర్వహణ నిధిగా 10 పాళ్లు బ్యాంకులో డిపాజిట్ చేశాం. ఇది అనవసరమని అన్నవారున్నారు. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన భారీ కంచు కుడ్యశిల్పం సంగతి వారు తెలుసుకోవాలి. ప్రభుత్వమే చేయించిన ఆ శిల్పాన్ని 1979లో ఆయనకు చెప్పకుండా ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన భాగాలను ఆయనకు తిరిగివ్వాలనీ, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలనీ తీర్పు చెప్పింది. డబ్బిచ్చి చేయించుకున్నంత మాత్రాన పాడుచేసే హక్కు రాదు. అందుకే మన ఒప్పందంలో ఒక షరతు రాయించాం: గోడను మార్చాలన్నా, చిత్రానికి మరమ్మతు చేయాలన్నా ముందుగా చిత్రకారిణికి తెలియజేయాలి. ఆ మరమ్మతులకు ఈ డిపాజిట్ వడ్డీ వాడతారు. డిపాజిట్ అసలు సొమ్మును కదపాలంటే కమిటీ నుంచి ఇద్దరు, గ్రంథాలయం నుంచి ఒకరు సంతకం పెట్టాలి.

మిగిలినవి 3 పాళ్లు. అవి ఇంకా ఖాతాలోనే ఉన్నాయి. గోడకు వాన నీరు తగలకుండా చూరు పొడిగించాలని ఒక ప్రతిపాదన, నిర్వహణ నిధిలోనే కలిపేయాలని ఇంకొకటి వచ్చాయి. చందాదారులు తమ అభిప్రాయం రాసి గ్రంథాలయంలో ఇవ్వండి, వచ్చే సర్వసభ్య సమావేశంలో తేలుద్దాం.