బిల్లులో రైతు పేరు బదులు ప్రశ్నార్థకాలు

సంపాదకుల వారికి,

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ చూసిపెట్టే పని నాది. ఈమధ్య ఒక కొట్లో రైతుకిచ్చిన బిల్లు చూశాను. టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, ధర అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పేరు దగ్గర మాత్రం వరసగా ప్రశ్నార్థకాలు! ప్రింటర్ పాడైందని గుమాస్తా మెకానిక్‌కి ఫోన్ల మీద ఫోన్లు.

ప్రింటర్‌కేం కాలేదు. డేటాబేస్ పెట్టినవాళ్లు అక్షరాల సెట్టింగ్ ముట్టుకోలేదు, అంతే. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లలో ఆ సెట్టింగ్ మామూలుగా లాటిన్1 అని, అంటే ఇంగ్లీషు లాంటి యూరప్ భాషల అక్షరాలకే సరిపోయేలా, ఉంటుంది. అందులో తెలుగు పట్టదు. 2018లో వచ్చిన 8.0 నుంచి తెలుగు కూడా పట్టే యూటీఎఫ్8ఎంబీ4 సెట్టింగ్ దానంతటదే వస్తుంది. పాతది వాడేవాళ్లు టేబుళ్లకే కాదు, ప్రోగ్రాం నుంచి డేటాబేస్‌కి ఉండే కనెక్షన్‌కి కూడా దాన్నే పెట్టాలి. ప్రశ్నార్థకంగా ఒకసారి నమోదైతే అసలు పేరు మళ్లీ రాదు. రైతుని అడిగి మళ్లీ టైపు చేసుకోవాల్సిందే.

అక్కడే డబ్బు కాలమ్‌కి పైసలతో సహా కచ్చితంగా దాచే డెసిమల్ బదులు, ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ పెట్టారు. సాయంత్రం లెక్క కట్టే దగ్గర పైసల తేడా, దానికో టెన్షన్. అప్లికేషన్ సర్వాధికారాలూ ఉండే రూట్ యూజర్‌తోనే నడుస్తోంది, డేటాబేస్‌లోకి వెళ్లే దారి అయిన 3306 పోర్టు ఇంటర్నెట్‌కి బార్లా తెరిచి ఉంది. ఇది మరీ ఘోరం.

ఉద్యోగానికొచ్చే కుర్రాళ్లు జాయిన్లు (రెండు మూడు టేబుళ్లు కలిపి సమాచారం తీసే ప్రశ్నలు) గడగడా రాస్తారు. బ్యాకప్ తీసి వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూపించమంటే నీళ్లు నములుతారు. మన కాలేజీలు ల్యాబ్ పరీక్షలో ఈ పనికి కూడా మార్కులు కేటాయించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు