కూర ఏందని అడిగితే కోపం తెచ్చుకోకు బిడ్డా

లావణ్యా,

ప్రత్యేకంగా ఏం లేదు, ఊరికే రాస్తున్నా. ఫోన్ చేస్తే "ల్యాబ్‌లో ఉన్నా అమ్మా, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తావు, ఆ "మళ్ళీ" ఉగాది పోయినా రాలేదు. అందుకే వాట్సాప్‌లో ఇంత పొడుగు పెడుతున్నా, తీరిక దొరికినప్పుడు చదువుకో. ఇక్కడ అందరం మంచిగున్నాం. మిర్యాలగూడలో ఎండలు మండిపోతున్నాయి, మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి, మీ నాయిన మోకాలు పర్వాలేదు. నిన్న మామిడికాయ తొక్కు పెట్టాం. చిన్నమ్మమ్మ కూర్చుని ముక్కలన్నీ తుడిచి ఇచ్చింది, మెంతిపొడి ఎక్కువైందని ఈసారి కూడా అన్నది.

స్వరూప వదిన కూడా వచ్చింది. వాళ్ళ అల్లుడి స్నేహితుడెవరో కొరియాలో మీ డేజాన్ ఊళ్ళోనే ఉన్నాడట కదా. "లావణ్య బాగా చిక్కిపోయిందట, మొన్న ల్యాబ్‌లో కళ్ళు తిరిగి కూలబడిందట" అని చెప్పింది. నేను అక్కడ ఏం అనలేదు. ఆమె విన్నదానికి ఇంకో నాలుగు కలిపి చెప్పే మనిషని నీకూ తెలుసు. అయినా అడుగుతున్నా, పొద్దున ఏం తిని పోతున్నావు?

నువ్వు పోయినప్పటి నుంచి కొరియా వాళ్ళ వంట వీడియోలు చూస్తూనే ఉన్నా. వాళ్ళూ మనలాగే అన్నం తినేవాళ్ళే. ఒక గిన్నెలో అన్నం, పక్కన సూప్, చుట్టూ బాంచన్ అని చిన్న చిన్న గిన్నెల్లో నాలుగైదు రకాలు, హోటల్లో అయితే అవి అయిపోయిన కొద్దీ డబ్బులు తీసుకోకుండా మళ్ళీ పెడతారట. అట్లాంటి దేశంలో ఉండి నువ్వు కప్పు నూడుల్స్ మీద వేడినీళ్ళు పోసుకుని పూట గడిపితే నా మనసెట్లా ఒప్పుకుంటుంది చెప్పు. కిమ్చీ పెట్టడం మొత్తం చూశా. క్యాబేజీని నిలువుగా కోసి, ఉప్పులో ఊరబెట్టి, కడిగి నీళ్ళు వంపేసి, మిరపపొడి, ఎల్లిగడ్డ, అల్లం, ముల్లంగి కలిపిన ముద్దను ఒక్కో ఆకు ఎత్తి లోపలిదాకా రాస్తున్నారు. మనం తొక్కు ఎండల్లో పెడతాం, వాళ్ళు చలి ముదరకముందు నవంబరు, డిసెంబరులో ఇంటిల్లిపాదీ కూర్చుని పెడతారు. కిమ్‌జాంగ్ అంటారట, 2013లో దాన్ని యునెస్కో వాళ్ళు కూడా వారసత్వ జాబితాలో పెట్టారు. మిరపకాయ మనకూ వాళ్ళకూ బయటి నుంచి వచ్చిందే, అమెరికా ఖండంలో పుట్టి మన కారంపొడిలోనూ వాళ్ళ గొచుజాంగ్ అనే మిరప ముద్దలోనూ చేరింది. కాబట్టి అక్కడి తిండి పరాయిదని దూరం పెట్టకు. ఒక్కటి చూసుకో, శనివారం నీచు ముట్టవు కదా, మామూలు కిమ్చీలో ఉప్పు రొయ్యలో చేపల సాసో వేస్తారు. బౌద్ధుల గుళ్ళలో చేసే దాంట్లో అవి ఉండవు, ఎల్లిగడ్డ కూడా వేయరు. దుకాణంలో అడిగి తీసుకో, అడగడానికి సిగ్గుపడకు.

హాస్టల్‌లో పొయ్యి పెట్టనియ్యరని అన్నావు. పచ్చిపులుసుకు పొయ్యి ఎందుకు? చింతపండు నానబెట్టి పిసికి వడగట్టు. ఉల్లిగడ్డ సన్నగా కోసి, ఉప్పూ పచ్చిమిర్చీ వేసి చేత్తో గట్టిగా నలుపు, ఉల్లిగడ్డ నీళ్ళు వదలాలి. అందులో పులుసు పోసి, వేయించిన నువ్వులు దంచి కలుపు. వేయించిన నువ్వులు అక్కడ ప్రతి దుకాణంలోనూ దొరుకుతాయి, వాళ్ళు పాలకూరకూ మొలకలకూ అన్నిటికీ అవే చల్లుతారు. పోపు లేకపోయినా పర్వాలేదు, పైన రెండు చుక్కలు వాళ్ళ నువ్వుల నూనె వెయ్యి. చింతపండు అయిపోతే మీ రూమ్‌లో ఉన్న వియత్నాం పిల్లను అడుగు, వాళ్ళు కూడా చింతపండు పోసి చేపల పులుసు చేస్తారు, కాన్ చువా అని, అందులో బెండకాయా టమాటా అనాసపండూ వేస్తారట. ఆ పిల్లకూ కొంచెం పచ్చిపులుసు పెట్టు.

తిండి సయించకపోవడం నాకు తెలియనిదా. నేను పెళ్ళై వచ్చినప్పుడు నువ్వు చూడలేదు కానీ, మా నారాయణపేట దిక్కు పొద్దునా రాత్రీ జొన్నరొట్టెనే, దాని మీదికి పల్లీల పొడి, పుంటికూర పప్పు. అన్నం ఎప్పుడన్నా. ఇక్కడ సాగర్ ఎడమ కాలువ నీళ్ళు, ఎటు చూసినా వరి, మూడు పూటలా అన్నమే. ఎంత తిన్నా తిన్నట్టు ఉండేది కాదు, పోను పోను అన్నం చూస్తేనే ముద్ద దిగేది కాదు. కొత్త కోడల్ని, ఏమని అడుగుతా? మీ నాయనమ్మ నన్ను ఏం అనలేదు, గిన్నెలు తోమేటప్పుడు కుండలో ఎంత మిగిలిందో చూస్తూ ఉన్నదట. ఒకరోజు మీ పెద్దబాపును దేవరకొండ పంపి పచ్చజొన్నలు తెప్పించింది, గిర్నీకి తనే మోసుకుపోయి పట్టించింది. ఆమెకు రొట్టె చరచడం రాదు. జొన్నపిండికి మసిలే నీళ్ళు పోస్తేనే జిగి వస్తుంది, ఆమె చన్నీళ్ళతో కలిపింది. చేతిలోకి ఎత్తగానే నడిమికి పగిలింది, మళ్ళీ ముద్ద చేసింది, మళ్ళీ పగిలింది. నేను గడప దగ్గర నిలబడి చూస్తున్నా, పోయి పిండి అందుకోవాలో వద్దో తెలియదు. చివరికి ఆ ముక్కలనే పెనం మీద పక్కపక్కన పేర్చి, వేళ్ళతో అతికించి, పైన నీళ్ళు అద్ది కాల్చింది. ఒక అంచు మాడింది, నడుమ పచ్చి. కంచంలో వేసి పక్కన ఎల్లిగడ్డ కారం పెట్టి నా ఎదురుగా కూర్చున్నది. "ఏం కావాలో నోరు తెరిచి చెప్పాలె, ఉపాసముంటె నాకెట్ల తెలుస్తది" అన్నది. ఏడ్చుకుంటూనే మొత్తం తిన్నా. మర్నాటి నుంచి పిండి నేను కలిపేదాన్ని, ఆమె పెనం చూసేది. కొన్నాళ్ళకు రాత్రి పూట రొట్టె లేకపోతే ఆమెకే నిద్ర పట్టేది కాదు, నేనేమో ఆమె చేసే చేపల పులుసుకు అన్నం మీద అన్నం పెట్టించుకునేదాన్ని.

అక్కడ నీ గిన్నెలు చూసే మనిషి లేరు. అందుకే ఇన్నిసార్లు అడుగుతున్నా.

కళ్ళు తిరిగిన మాట నిజమో కాదో నువ్వే చెప్పు, నిజమైతే మాత్రం రక్తపరీక్ష చేయించుకో. అంగన్‌వాడీలో ఇన్నేళ్ళుగా అందరికీ చెప్పేదే నీకూ చెప్తున్నా, ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గకూడదు. రోజూ ఒక గుడ్డు తిను. వాళ్ళు పాలకూర ఉడికించి నువ్వుల నూనె, ఎల్లిగడ్డ కలిపి పెడతారు, అది తీసుకో, సోయా టోఫూ తీసుకో, వెంట ఒక నారింజపండు తింటే ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పడుతుంది. అన్నం తినగానే కాఫీ తాగితే ఆ పట్టేది కూడా పట్టదు, గంట ఆగు. పరగడుపున ఐస్ కాఫీ అసలే వద్దు. నీకు కోపం వస్తుందని తెలుసు, వచ్చినా సరే రాస్తున్నా. నువ్వు చదువు కోసం పోయినందుకు మాకు ఎంత సంతోషమో మీ నాయిన ఊరంతా చెప్పుకుంటాడు, కానీ పైసలు మిగల్చడానికి కడుపు మాడ్చుకుంటున్నావేమోనని ఆయన రాత్రి లేచి కూర్చుంటున్నాడు. ఇంటికి డబ్బు పంపాలని ఎవరూ అనలేదు. పొలం మీది అప్పు మేం చూసుకుంటాం.

సోమవారం పార్సిల్ వేస్తున్నా. తొక్కు నూనె తక్కువగా పోసి రెండు కవర్లలో కట్టా, రాగానే గాజు సీసాలోకి మార్చి తడి లేని చెంచా వాడు. పుంటికూర తొక్కు, చింతపండు, కారంపొడి కూడా ఉన్నాయి. నువ్వులు పెట్టలేదు.

రిపోర్టు ఫోటో తీసి పెట్టు, మంచిగా వచ్చినా పెట్టు. మీ దగ్గర రాత్రి పదకొండైతే ఇక్కడ ఏడున్నరే, ఎప్పుడైనా ఫోన్ చెయ్యి, నేను ఎత్తుతా. స్వరూప వదిన మళ్ళీ అడిగితే ఏం చెప్పాలో కూడా చెప్పు.

మీ అమ్మ