భూగోళం టీచర్ల సదస్సులో ప్రసంగాలు తగ్గించండి

సంపాదకులకు నమస్కారం.

భూగోళశాస్త్ర ఉపాధ్యాయుల సదస్సు దగ్గరపడుతోంది. మాలో చాలామంది దానికోసం ఎదురుచూస్తున్నారు. కొన్ని బడుల్లో మాత్రం టీచర్లను పంపడానికి వెనకాడుతున్నారు. సిలబస్ ఆగిపోతుందట, తర్వాత వీడియోలో చూసుకోవచ్చట.

కూర్చుని వినడమే అయితే వీడియో చాలు, కాదనను. కానీ మా సబ్జెక్టుకు ఇంకో ఊళ్లో తోడు కావాలి. గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ 2200 ఏళ్ల కిందటే భూమి చుట్టుకొలత లెక్కగట్టింది రెండు ఊళ్ల నీడలతోనే. ఏడాదిలో పగలు అన్నిటికంటే పొడవైన రోజున ఈజిప్టులోని సయీన్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేవాడు. అదే వేళకు దానికి ఉత్తరాన ఉన్న అలెగ్జాండ్రియాలో నీడ పడేది. ఆ నీడ చెప్పిన కోణం సుమారు 7.2 డిగ్రీలు, అంటే వృత్తంలో 50వ వంతు. రెండు ఊళ్ల మధ్య దూరాన్ని 50తో గుణిస్తే చుట్టుకొలత వచ్చేసింది. ఈ ప్రయోగం మన పిల్లలూ చేయగలరు. ఒక కర్ర, ఒక టేపు, ఇంచుమించు అదే రేఖాంశం మీద కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో ఇంకో బడి ఉంటే చాలు. ఒకే రోజు రెండు చోట్లా నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు కొలవాలి. (అది గడియారంలో 12కే జరగదని తెలిసి పిల్లలు అడిగే ప్రశ్నలతో ఇంకో పీరియడ్ గడిచిపోతుంది.) కర్ర, టేపు బడిలోనే దొరుకుతాయి. ఆ రెండో బడి టీచరు దొరికేది సదస్సులోనే.

ఇంగ్లండ్‌లో 1893లో మొదలైన జియోగ్రాఫికల్ అసోసియేషన్ కూడా ఇలాంటి అవసరంతో పుట్టిందే. క్లాసులో గోడ మీద వేసి చూపించే లాంతరు స్లైడ్లను టీచర్లు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడం దాని మొదటి పనుల్లో ఒకటి. ఇప్పుడు బొమ్మలకు కొరత లేదు. లాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి తీస్తున్న భూమి చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. మధ్య ఆసియాలోని అరల్ సముద్రం ఏటికేడాది ఎలా కుంచించుకుపోయిందో పిల్లలకు చూపించవచ్చు. అయితే దానిలోకి పారే అము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లను పత్తి పొలాలకు మళ్లించడానికీ ఆ ఎండిన అడుగుకూ ఉన్న సంబంధాన్ని పిల్లల చేతనే ఎలా చెప్పించాలి? అది క్లాసులో చేసి చూసిన టీచరు దగ్గరే నేర్చుకోవాలి.

గోడ మీది ప్రపంచ పటం సంగతీ అంతే. చాలా క్లాసుల్లో ఇప్పటికీ మెర్కేటర్ పటమే వేలాడుతోంది. 1569లో నావికుల కోసం గీసిన పద్ధతి అది. దిక్సూచి చూపే దిశ మారకుండా సాగే ఓడ దారి అందులో సరళరేఖగా వస్తుంది. ఆ సౌకర్యం కోసం ధ్రువాల వైపు నేలంతా సాగిపోయింది. అందుకే గ్రీన్‌లాండ్ ఆఫ్రికాతో సమానంగా కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దాదాపు 14 రెట్లు పెద్దది. ఈ మాట చెబితే పిల్లలు తలూపుతారు గానీ పరీక్షలో మళ్లీ పటాన్నే నమ్ముతారు. పలచటి కాగితం మీద గ్రీన్‌లాండ్‌ను గ్లోబు నుంచి దించుకుని, కత్తిరించి, అదే గ్లోబు మీద ఆఫ్రికాపై పెట్టి చూస్తే ఇక మరిచిపోరు. ఇలాంటివి సదస్సులో పదిమంది కూర్చుని చేతులతో చేయాలి. వేదిక మీంచి చెబితే అంటవు.

నిర్వాహకులను కోరేది ఒక్కటే. ప్రారంభ ప్రసంగాలు ఒక గంటతో ముగించి, మిగతా సమయం టీచర్ల పాఠాలకు ఇవ్వండి. ఒక పూటైనా బయటికి తీసుకెళ్లండి. వాగు గట్టో, రాతి గుట్టో, ఏదైనా సరే. నేలమీద అడుగు పెట్టకుండా భూగోళం సదస్సు జరగడం నాకు వింతగానే ఉంటుంది. బడుల యాజమాన్యాలు దీన్ని టీచరు సొంత సెలవులో కోయకుండా డ్యూటీగా లెక్కించాలి. వెళ్లొచ్చినవాళ్లు తోటి టీచర్లకు ఒక పాఠం చేసి చూపించాలని షరతు పెట్టినా న్యాయమే.

మీ పత్రిక కూడా ఈసారి వేదిక మీది అతిథుల ఫొటోతో సరిపెట్టకుండా, అక్కడ టీచర్లు చేసి చూపిన పాఠాల్లో ఒకటి రెండు వివరంగా వేస్తే, రాలేకపోయినవాళ్లకు ఉపయోగపడుతుంది.

- ఒక భూగోళశాస్త్ర ఉపాధ్యాయురాలు