గేట్‌మేన్ హంపన్నకు ఒక బొమ్మల కథ కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికా పౌరహక్కుల ఉద్యమానికీ సూపర్‌హీరో కామిక్స్‌కీ ఉన్న సంబంధం గురించి వచ్చిన వ్యాసం మా బడిలో పెద్ద చర్చే లేపింది. ఎక్స్‌మెన్ అంటే పుట్టుకతోనే వింత శక్తులున్నవాళ్ల కథ. అందులో తన భవంతిలో వాళ్లకు పాఠాలు చెప్పే మంచి గురువు ప్రొఫెసర్ ఎక్స్ అంటే నల్లవాళ్ల హక్కులకు అహింసతో పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ అనీ, ఆయనకు ఎదురు నిలిచే విలన్ మాగ్నెటో అంటే ఆత్మరక్షణకు బలం వాడొచ్చన్న నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ అనీ మీ వ్యాసంలో రాశారు. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఆ పేజీ కత్తిరించి తెచ్చి, "అయితే మాల్కం ఎక్స్ విలనా మేడం?" అని అడిగాడు. గుంతకల్లు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. వాడికి చెప్పిన జవాబే మీ పాఠకులకూ చెప్పాలని, మా గుంతకల్లు గేట్‌మేన్ హంపన్న మీద ఒక బొమ్మల కథ వేయమని మిమ్మల్ని అడగాలని ఈ ఉత్తరం.

ఎక్స్‌మెన్ మొదటి సంచిక 1963లో వచ్చింది. స్టాన్ లీ రాశారు, జాక్ కిర్బీ బొమ్మలు వేశారు. వాషింగ్టన్‌లో కింగ్ సుమారు రెండున్నర లక్షల మంది ముందు మాట్లాడింది కూడా ఆ ఏడాదే. కాలం ఒకటే కాబట్టి ఆ గాలి తగలలేదని అనను. కానీ మొదటి జట్టులో ఐదుగురూ తెల్లవాళ్లే. మాగ్నెటో ఆ సంచికలో చేసే పని ఒక క్షిపణి కేంద్రాన్ని ఆక్రమించడం. పుట్టుకతోనే వేరుగా ఉన్నారని జనం వెలివేస్తే ఆ బాధ ఎలా ఉంటుందనే సంగతి కథకు ప్రాణంగా మారింది 1975 తర్వాత, క్రిస్ క్లేర్‌మాంట్ అనే రచయిత చేతికి కథ వచ్చాకే. మాగ్నెటో యూరప్‌లో యూదులను చంపిన నాజీల శిబిరంలో నలిగి బతికి బయటపడ్డవాడని మనకు తెలిసిందీ ఆయన కాలంలోనే. అంటే ఆ పాత్ర వెనుక ఉన్న గాయం వేరే ఖండానిది, వేరే జనానిది.

ఇక మాల్కం. ఆయనా కింగూ ముఖాముఖి కలిసింది ఒకే ఒక్కసారి, 1964 మార్చి 26న, పౌరహక్కుల బిల్లు మీద సెనేట్‌లో చర్చ జరుగుతున్నప్పుడు. ఆ రోజు తీసిన ఫొటో పిల్లలకు చూపించాను. ఇద్దరూ కరచాలనం చేసుకుంటున్నారు, ఇద్దరి ముఖాల్లోనూ నవ్వుంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కింగ్ అలబామా రాష్ట్రంలోని సెల్మాలో ఓటు హక్కు కోసం పోరాడి జైల్లో ఉంటే మాల్కం ఆ ఊరికి వెళ్లి, కింగ్ భార్య కొరెట్టాను కలిసి, మీ ఆయన పని కష్టం చేయడానికి రాలేదమ్మా, నాలాంటివాణ్ణి చూశాకైనా తెల్లవాళ్లు ఆయన మాట వింటారని వచ్చాను అన్న అర్థం వచ్చేలా చెప్పారు. అదే నెల 21న మాల్కంను కాల్చి చంపారు. కామిక్‌లో మాగ్నెటో తన ముఠాకు తానే 'దుష్ట' అని పేరు పెట్టుకున్నాడు. నా మనుషులకు గౌరవం ఇవ్వండి అని అడిగిన మనిషిని తెచ్చి ఆ ముఠా పక్కన నిలబెడితే పిల్లల మనసులో ఏం నాటుకుంటుంది? పాత్రకు స్ఫూర్తి ఎక్కడిదో చెప్పేటప్పుడు ఆ స్ఫూర్తి ఇచ్చిన మనిషిని చిన్నబుచ్చకూడదు కదా. కింగ్‌కైనా ఈ పోలిక న్యాయం చేయదు. ఆయన భవంతిలో కూర్చుని పాఠాలు చెప్పినవాడు కాదు, వీధిలో దెబ్బలు తిన్నవాడు.

బ్లాక్ పాంథర్ అనే నల్లజాతి సూపర్‌హీరో గురించి కూడా ఒక మాట. ఆ పేరు అదే పేరున్న నల్లవాళ్ల రాజకీయ పార్టీ నుంచి తీసుకున్నారని చాలామంది అనుకుంటారు. హీరో వచ్చింది 1966 జులై సంచికలో, ఓక్లండ్‌లో పార్టీ పుట్టింది అక్టోబరులో.

మీ వ్యాసంలో లేని కామిక్ ఒకటుంది. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చెప్పాల్సింది దాని గురించే. 1957 డిసెంబరులో ఫెలోషిప్ ఆఫ్ రీకన్సిలియేషన్ అనే శాంతి సంస్థ అలబామాలోని మాంట్‌గోమరీలో, సీట్లలో తెల్ల నల్ల తేడా చూపినందుకు నల్లవాళ్లు చేసిన బస్సుల బహిష్కరణ మీద పదహారు పేజీల రంగుల బొమ్మల పుస్తకం వేసింది. వెల పది సెంట్లు. చర్చిల్లో, బడుల్లో చేతులు మారింది. అందులో ఎవరూ ఎగరరు, ఎవరి కళ్లలోంచీ మంటలు రావు. తెల్లవాడికి సీటు ఇవ్వనన్న రోజా పార్క్స్ అరెస్టు, 381 రోజుల పాటు జనం బస్సెక్కకపోవడం, చివర్లో ఈ అహింసా పద్ధతి ఎలా పనిచేస్తుంది, దీన్ని గాంధీ మన దేశంలో ఎలా వాడారు అన్న వివరం. సూపర్‌హీరో కథ పిల్లవాడికి ఆశ్చర్యం ఇస్తుంది. ఈ పుస్తకం పని నేర్పింది. మాంట్‌గోమరీలో బస్సుల్లో ఆ తేడా చెల్లదని కోర్టు తీర్పు వచ్చాక బస్సెక్కే ముందు జనం చర్చిలో కుర్చీలు బస్సు సీట్లలా వేసుకుని, కొందరు తిట్టేవాళ్లుగా, కొందరు తిట్లు తినేవాళ్లుగా సాధన చేశారు. మా క్లాసులో బెంచీలు అలాగే వేయించి ఆడించాను. తిట్టే వేషం వేసినవాళ్లు మొదట నవ్వారు. సీట్లో కదలకుండా కూర్చున్న అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగేసరికి వాళ్ల నోళ్లు మూతపడ్డాయి. ఆ రోజు నేను వేరే పాఠం చెప్పనే లేదు.

ఆ పుస్తకం కుర్రతనంలో చదివిన పౌరహక్కుల కార్యకర్త జాన్ లూయిస్ 1965 మార్చి 7న ఓటు హక్కు ఊరేగింపులో సెల్మా వంతెన మీద పోలీసుల లాఠీ దెబ్బకు పుర్రె పగిలి పడిపోయారు. తర్వాత చాలా ఏళ్లు అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) సభ్యుడిగా ఉండి, చివరికి తన కథను తానే 'మార్చ్' పేరుతో మూడు భాగాల బొమ్మల పుస్తకంగా తెచ్చారు. 2015లో శాన్‌డియేగో కామిక్ సంతకు జనమంతా బ్యాట్‌మన్, స్పైడర్‌మన్ వేషాల్లో వస్తే, 75 ఏళ్ల ఆ పెద్దాయన 1965 నాటి తన వేషమే వేసుకుని వచ్చారు. పొడుగు కోటు, వీపున సంచి. జైలుకు పోవడం ఖాయమని సెల్మాలో ఆ సంచిలో పెట్టుకున్నవి రెండు పుస్తకాలు, ఒక ఆపిల్, ఒక నారింజ, పళ్లు తోముకునే బ్రష్షు. సంతలో బడిపిల్లలు ఆయన చేయి పట్టుకుని వెంట నడిచారు.

ఇప్పుడు మన ఊరి సంగతి. మా నాన్న గుంతకల్ డివిజన్‌లో గేట్‌మేన్. గేటు పక్క చిన్న గది, ఎర్ర జెండా, పచ్చ జెండా, చేతిదీపం, అంతే ఆయన సామగ్రి. రాత్రయితే చుట్టూ మైళ్ల కొద్దీ కనిపించే వెలుతురు ఆ గది ఒక్కటే, ఆపదలో ఉన్నవాళ్లు వచ్చి తలుపు తట్టేదీ అక్కడే. 1893లో గుంతకల్లులో అలాంటి గేటు దగ్గరే బ్రిటిష్ సోల్జర్లు తరిమితే ఇద్దరు ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. గేట్‌మేన్ హంపన్న వాళ్లను గదిలో దాచి అడ్డం నిలబడ్డాడు. సోల్జర్ తుపాకీతో కాల్చాడు, హంపన్న చనిపోయాడు. గుత్తి వకీలు కేశవ పిళ్లై ఆ సంగతి లోకానికి తెలిసేలా పట్టుబట్టి పోరాడారు. డ్యూటీ నుంచి వచ్చిన రాత్రులు నాన్న మాకు హంపన్న కథ చెప్పేవాడు. మా పిల్లల్లో సగం మందికి రైల్వేతో చుట్టరికం ఉన్నా, హంపన్న పేరు చెబితే ఎవరని అడుగుతున్నారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల చేతికి ఎవరిచ్చారు గనుక?

బొమ్మలు ఎవరు వేస్తారంటారా? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. మేకతోలు పలచగా గీకి, నగలున్న చోటల్లా సన్నటి చిల్లులు పొడిచి, రంగులద్దుతారు. వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వెలుతురు నగలాగే మెరుస్తుంది. 2011లో అంబేడ్కర్ జీవితాన్ని 'భీమాయన' పేరుతో గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ తమ పద్ధతిలోనే గీశారు. కామిక్ గళ్లలోకి మనుషుల్ని ఇరికించలేదు. నిమ్మలకుంట చేతుల్లో హంపన్న ఎలా ఉంటాడో ఊహించండి. తెలుగు పిల్లల చేతికి చందమామ ఇచ్చిన నాగిరెడ్డి గారిది మన పక్క కడప జిల్లాయే.

మీ పిల్లల పేజీలో వారానికి అరపేజీ చొప్పున హంపన్న కథ వేయమని కోరుతున్నాను. కళాకారులకు పారితోషికం మీరే ఇవ్వాలి, ఉచితంగా అడగొద్దు. హంపన్న పేరు విన్న పాత రైల్వే కుటుంబాల దగ్గరికి మా తొమ్మిదో తరగతి పిల్లలు పోయి మాటలు రాసుకొస్తామంటున్నారు, ఆ కాగితాలు నేను పంపిస్తాను. అలాగే మాల్కం గురించిన ఆ వాక్యానికి వచ్చే ఆదివారం ఒక సవరణ వేయండి.

— ఒక సోషల్ టీచర్, గుంతకల్లు, అనంతపురం జిల్లా