ఫీజే లేని చదువుకు లోనెందుకట!

సంపాదకుడు గారికి,

పోయిన గురువారం మీ జిల్లా పేజీలో 'విదేశీ చదువుకు డబ్బు అడ్డు కాదు' అని నాలుగు కాలాల వార్త వేశారు. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. వారమైంది, చల్లారలేదు. సరిహద్దు ఊళ్ళ తల్లిదండ్రులకు అవగాహన లేదనీ, బ్యాంకులు తలుపులు తెరుచుకుని కూర్చున్నా ఎవరూ రావడం లేదనీ అందులో ఒక అధికారి వాపోయారు. వెళ్ళినవాళ్ళలో నేనొకణ్ణి. మే నుంచి సెప్టెంబరు దాకా పదకొండుసార్లు వెళ్ళాను. తలుపులు తెరిచే ఉన్నాయి, ఆ మాట నిజమే. ఏసీ కూడా బాగానే పనిచేస్తోంది.

మా అమ్మాయికి జర్మనీలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరుకు ఏదో కొద్దిపాటి రుసుము కడితే సరి. కాకపోతే వీసా ఇవ్వాలంటే ఏడాది పొడుగునా పిల్ల తిండికీ, గదికీ సరిపడా 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. నెలకు 992 చొప్పున మళ్ళీ పిల్ల చేతికే వస్తాయి. యూరో వంద రూపాయలు దాటి కూర్చుంది కాబట్టి పన్నెండు లక్షల పైమాట. చిన్న బట్టల కొట్టువాణ్ణి, అంత సొమ్ము గల్లాపెట్టెలో ఉండదు కదా. లోనుకు వెళ్ళాను.

ఒడిశాలోని మా బరంపురంలో ఇరవై ఏళ్ళుగా నా ఖాతా ఉన్న బ్యాంకు అది. మేనేజరు ఫారం తిప్పి, ఫీజు అని ఉన్న గడి మీద పెన్ను పెట్టాడు. అందులో సున్నా. 'ఫీజే లేదు కదా ఆగ్యా (ఒడియాలో అయ్యా అని), మరి లోనెందుకు?' అన్నాడు. అంటే ఏడాదికి ఇరవై లక్షలు గుంజే కాలేజీలో చేరుంటే మర్యాదగా ఇచ్చేవాడన్నమాట. హాస్టలు ఖర్చు, పుస్తకాలు, పైదేశం చదువైతే ప్రయాణం ఖర్చు కూడా లోనులో కలుపుకోవచ్చని బ్యాంకుల సంఘం వాళ్ళ నమూనా పథకంలోనే ఉంది. ప్రింటు తీయించి పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, 'పైనుంచి మాకు రాలేదు' అన్నాడు.

పైనుంచి రావడానికి రెండు నెలలు పట్టింది. తర్వాత పూచీ దగ్గర మొదలైంది. ఏడున్నర లక్షల దాకా ఆస్తి అడగరు, ఆపైన అడుగుతారు. మనవంతు మార్జిన్ 15 శాతం వేరే. ఇక్కడి ఇల్లు అన్నదమ్ముల ఉమ్మడిది, పట్టా ఇంకా మా తాత పేరునే ఉంది. ఇచ్ఛాపురంలో మా నాన్న కొన్న స్థలం మాత్రం నా పేర శుభ్రంగా ఉంది. ఈసీ (ఆస్తి మీద అప్పుసొప్పులు లేవని చూపే పత్రం), లింకు దస్తావేజులు అన్నీ ఉన్నాయి. పాతిక కిలోమీటర్ల దూరం. కానీ ఆస్తి ఆంధ్రాలో ఉందట, బ్యాంకు లాయరు అటు రాడట, దస్తావేజు తెలుగులో ఉందట. సరేనని పేజీకి నాలుగు వందలిచ్చి అనువాదం చేయించాను. దస్తావేజులో 'పడమర: పుంత' అని, అంటే బండ్ల దారి అని ఉంటే, అనువాదం చేసిన మహానుభావుడు దాన్ని మనిషి పేరనుకుని రాశాడు. పక్క స్థలం యజమాని శ్రీ పుంత గారి నుంచి నిరభ్యంతర పత్రం తెమ్మని బ్యాంకు నాకు కాగితం ఇచ్చింది. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది, కావాలంటే ఫొటో తీసి పంపుతాను, వేసుకోండి.

ఇక లాభం లేదని ఇచ్ఛాపురం బ్రాంచికి వెళ్ళాను. అక్కడ మేనేజరు తెలుగాయనే. కూర్చోమన్నాడు, టీ ఇచ్చాడు. దస్తావేజు చూసి 'బ్రహ్మాండంగా ఉంది బాబూ' అన్నాడు. ఆధార్ చూశాడు. 'మీరు ఒడిశా కదా, మా సర్వీస్ ఏరియాలోకి రారు. మీ ఊళ్ళోనే అడగండి' అన్నాడు.

దరఖాస్తుదారు ఇల్లు తమ సర్వీస్ ఏరియాలో లేదన్న సాకుతో చదువు లోను తిరస్కరించకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే అన్ని బ్యాంకులకూ చెప్పింది. పదేళ్ళు దాటింది. ఆ సంగతి బట్టలమ్ముకునే నాకు తెలిసింది, ఆయనకు తెలియలేదు. అవగాహన సదస్సులేవో ముందు కౌంటరుకు అటువైపు పెడితే బాగుంటుందని ఆ అధికారికి నా మనవి.

మా ఊళ్ళో పుట్టిన వి.వి. గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఒడిశా వేరై ఈ సరిహద్దు గీత పడింది 1936 ఏప్రిల్ 1న. గీత మీద నాకేం కోపం లేదు, మా అత్తవారు అటూ మేం ఇటూ ఉన్నా మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు ఆగలేదు. ఆగేది కాగితాలే. ఆంధ్రా ప్రభుత్వం విదేశీ విద్య పథకానికి వెళ్తే స్థానికత ఏదంటుంది (ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ పథకం పేరు మారుతుంది, ఆ అడగడం మాత్రం మారదు). ఇక్కడ రెసిడెంట్ సర్టిఫికెట్టుకు తహశీల్ ఆఫీసు చుట్టూ తిరిగినన్నాళ్ళు మా అమ్మాయి జర్మన్ భాషలో రెండు లెవెళ్ళు పూర్తిచేసింది. ఓట్లప్పుడు మాత్రం అటు నాయకులూ ఇటు నాయకులూ తెలుగులోనే దండం పెడతారు. ఆ తర్వాత తెలుగు బడికి మాస్టారు కావాలన్నా దిక్కుండదు.

చివరికి మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టాను, ఇచ్ఛాపురంలో మా బావమరిది చీటీ పాడి మిగతాది సర్దాడు. అంతటితో అయిపోలేదు. బ్యాంకు చదువు లోను డబ్బు పంపితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (పైదేశానికి పంపే డబ్బు మీద బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) లేదు. సొంత డబ్బయితే 2025లో 10 లక్షలు దాటినదాని మీద 5 శాతం ముందే పడేది. బంగారం తాకట్టు చదువు లోను కిందికి రాదట. లోనివ్వని బ్యాంకే, లోను లేదు కాబట్టి పదకొండు వేల చిల్లర పట్టుకుంది. రిటర్ను వేస్తే వెనక్కొస్తుందిలెండి అని ఓదార్చారు.

మీ విలేఖరికి కూడా ఒక మాట. పీఎం విద్యాలక్ష్మి కింద విదేశాల్లో చదివే పిల్లలకు లోన్లిస్తారని రాశారు. 2024 నవంబరులో కేబినెట్ ఆమోదించిన ఆ పథకం మన దేశంలో ఎంపిక చేసిన విద్యాసంస్థలకే. అంతకుముందు 2015 నుంచీ ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్ వేరు, విదేశీ చదువుకైనా అందులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పేర్లు ఒకేలా పెట్టినవాళ్ళది సగం తప్పు, సరిచూసుకోకుండా అచ్చేసినవాళ్ళది మిగతా సగం. ఒకప్పుడు మీ పత్రికలో అక్షరం తప్పు పడినా మర్నాడు సవరణ వేసేవారు. ఇప్పుడు ఆ వార్త పక్కనే 'వీసా గ్యారంటీ' అని కన్సల్టెన్సీ ప్రకటన, అర పేజీ. గ్యారంటీ ఎవరిస్తున్నారో కాస్త కనుక్కుని చెప్పగలరా?

మా అమ్మాయి సెప్టెంబరు ఆఖరున వెళ్ళింది. మొన్న బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. డబ్బు ముందే కట్టేశారు కాబట్టి ఇక లోను అవసరం లేదేమో, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నట్టు ఒక లెటరు రాసివ్వమన్నారు. రాయలేదు. ఇంకో ఏడాది చదువుంది. పోర్టల్‌లో నా దరఖాస్తు ఇప్పటికీ 'పరిశీలనలో ఉంది'. అందుకే నా పేరు వేయకండి.

— ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా