వార్షిక నివేదిక 2025–26: కార్యదర్శి సభ్యులకు సమర్పిస్తున్నది

అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, చెన్నైలోని మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

శ్రీరామనవమి, వినాయక చవితి, కార్తిక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు గ్రూపులో అందరూ చూశారు. వనభోజనాలకు పులిహోర, గోంగూర పచ్చడి చేసి తెచ్చిన అన్నానగర్ సోదరీమణులకు మాత్రం ప్రత్యేక ధన్యవాదాలు. ఈ ఏడాది మమ్మల్ని నిద్రపోనివ్వనిది కంప్యూటర్ గది.

మన కంప్యూటర్లు నడిచింది మైక్రోసాఫ్ట్ వారి విండోస్ 10 మీద. 2025 అక్టోబరు 14తో దానికి సపోర్టు ఆగిపోయింది. కంప్యూటర్లు ఆగవు గానీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయి. పిల్లల పెన్‌డ్రైవులు తిరిగేదీ, మన సభ్యత్వ రిజిస్టరు, బ్యాంకు పని నడిచేదీ ఆ గదిలోనే. "కొత్త విండోస్ 11కి మారడం ఫ్రీయే కదా, ఖర్చెందుకు?" అని కొందరు సభ్యులు నిలదీశారు. అసలైన విండోస్ 10 లైసెన్సు ఉంటే మారడం ఉచితమే, కాదనను. కానీ మిషన్‌లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఎనిమిదో తరం నుంచి పైవాటినే విండోస్ 11 ఒప్పుకుంటుంది. మన 14 కంప్యూటర్లలో అలాంటివి నాలుగే. అవి పైసా ఖర్చు లేకుండా మారాయి.

మిగతా పదికి డబ్బు కట్టి అప్‌డేట్లు పొడిగించుకుందామా అని చూశాం. ఇళ్లలో వాడుకునేవారికి 30 డాలర్లతో ఏడాది పొడిగింపు ఉంది. సంస్థలకైతే ఒక్కో మిషన్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపైన 122, ఆపైన 244. రెండో ఏడాదిలో చేరినా మొదటి ఏడాది సొమ్ము కట్టాల్సిందే. మూడేళ్లకు మొత్తం 427 డాలర్లు. దానికి కంప్యూటర్ దుకాణాలుండే రిచ్చీ స్ట్రీట్‌లో మంచి సెకండ్ హ్యాండ్ మిషనే వచ్చేస్తుంది. ఆన్‌లైన్‌లో అయిదువందలకు విండోస్ లైసెన్సు కీ కొనేద్దామని ఒక సలహా వచ్చింది. ఆ కీతో పాత ప్రాసెసర్ కొత్తదైపోదు, పైగా ఆడిటర్ గారికి బిల్లు ఎక్కడి నుంచి తేవాలి? రిజిస్టరైన సంఘం మనది.

ఒక సభ్యుడు తమ కంపెనీ పక్కన పెట్టిన అయిదు ల్యాప్‌టాప్‌లు ఇప్పించారు. ఆయనకు చేతులెత్తి దండం. ఆరు నెలలు బాగానే నడిచాయి. ఒక ఆదివారం క్లాసులో ఒకదాని తర్వాత ఒకటి, స్క్రీన్ కుడి మూల కింద 'యాక్టివేట్ విండోస్' అని బూడిద రంగు అక్షరాలు. కంపెనీలు మొత్తంగా తీసుకునే లైసెన్సు మిషన్‌తో పాటు మనకు రాదు. ఆఫీసు సర్వర్‌ని పలకరించకపోతే 180 రోజులకు గడువు తీరిపోతుంది. అదృష్టంకొద్దీ వాటితో ఫ్యాక్టరీలో వచ్చిన విండోస్ ప్రో లైసెన్సు మదర్‌బోర్డులోనే ఉంది. మళ్లీ శుభ్రంగా ప్రో ఎక్కిస్తే దానంతటదే యాక్టివేట్ అయింది. ఈ పని చేసింది ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్న ఇద్దరు కుర్రాళ్లు. గ్రూపులో బొటనవేలు ఎత్తిన పెద్దలు ఆ ఆదివారం ఒక్కరూ కనపడలేదు. టీ, సమోసాలు మాత్రం ఇరవై మందికి తెప్పించాం.

ఆ పాత పదిలో తొమ్మిదింటికి విండోస్ తీసేసి, దాని బదులు పనిచేసే లినక్స్ మింట్ వేశాం. లైసెన్సు ఫీజు లేదు. మన చెన్నైలోనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ వారు తయారుచేసిన బాస్ లినక్స్ కూడా చూశాం, కానీ విండోస్ అలవాటున్న పిల్లలకు మింట్ తెర కొత్తగా అనిపించలేదు. మిగిలిన ఒకదాన్ని ఇంటర్నెట్ తీసేసి విండోస్ 10 మీదే ఉంచాం. ఎందుకంటే మన పత్రిక పాత సంచికలన్నీ 'అను' అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి, అవి అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ కావు. ఆ సాఫ్ట్‌వేర్ లేని మిషన్‌లో తెరిస్తే అంతా గజిబిజే.

ఇక చెప్పుకోదగ్గ సంగతి. మార్చి 19న ఉగాది నాడు విడుదలైన మన ప్రత్యేక సంచిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆ మింట్ మిషన్ల మీదే తయారైంది. ఎనిమిదో తరగతి పిల్లలు తెలుగు టైపింగ్‌కి వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుని, పెద్దల చేతిరాత చదవలేక వాళ్లకే ఫోన్ చేసి అడిగి మరీ టైపు చేశారు. శీర్షికలకు రామభద్ర, లోపలికి మండలి, రెండూ ఉచిత ఫాంట్లే. తన వ్యాసంలో ఒత్తు పోయిందని ఒక రిటైర్డ్ మాస్టారు ప్రెస్‌కి వెళ్లే ముందురోజు రాత్రి దిద్దించారు. వేదిక మీద ఆ పిల్లలకు శాలువాలు కప్పింది ఆయనే. ప్రకటనలిచ్చిన దుకాణదారులకు, హాలు అద్దె తగ్గించిన యాజమాన్యానికి, మైకు వారికి కృతజ్ఞతలు.

ఆడిటర్ గారు సంతకం చేసిన లెక్కలు వెనక పేజీల్లో ఉన్నాయి, చిత్తగించండి. శిక్షణ తరగతులకు సాయం కోరుతూ ఒక ప్రభుత్వ కార్యాలయానికి పెట్టిన అర్జీకి జవాబు లేదు. వెళ్లి అడిగితే ఫైలు పై సీటులో ఉందన్నారు. ఆ సీటు ఖాళీగా ఉంది.

సభ ఆమోదానికి రెండు విషయాలు. తొమ్మిది మిషన్లకు హార్డ్ డిస్కులు తీసి, వాటికన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్డీలు వేయించడం, వచ్చే ఏడాది సెకండ్ హ్యాండ్ కొంటే ఎనిమిదో తరానికి తగ్గకుండా, లైసెన్సు దానిదే అని రాసిన బిల్లుతోనే కొనడం. ఆదివారం క్లాసుకి గది తాళం తీసేవాళ్లు కావాలి. పేర్లు ఇక్కడే, సభ ముగిసేలోపు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి